కమాన్ల ఎర్రప్ప మాట

రూపనగుడి కమ్మరి ఆంజినప్ప బండిచక్రానికి కొత్త ఇనప పట్టా ఎక్కించిన రోజు, దాని నిగ్గు తేలేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ఎర్రగా కాలిన పట్టాను చెక్కచక్రం మీదికి దించి, నీళ్ళు కొట్టి, పొగ అణిగినాక రైతు ఎడ్లను కట్టేవాడు. ఆంజినప్ప ఎక్కి ఆ చక్రం వైపే కూర్చునేవాడు. ఊరి ఎల్లరాయి దాకా పోయి, రాయి చుట్టూ ఒక తిప్పు తిరిగి, మళ్ళీ కొలిమి ముందరికి వచ్చేదాకా పలికేవాడు కాదు. చక్రం చప్పుడే వింటూ ఉండేవాడు. దిగినాక ఒకటే మాట అనేవాడు: "అయింది." ఆ మాట పడితేనే రైతు టెంకాయ కొట్టేవాడు. పడకపోతే చక్రం మళ్ళీ కొలిమి దగ్గరికే.

కొడుకు ఎర్రప్పకు తండ్రి నుంచి దక్కినవి ఒక సుత్తి, ఒక పట్టకారు, ఆ మాట. సుత్తీ పట్టకారూ ఎవరైనా అంగట్లో కొనుక్కోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు ఎర్రప్ప బళ్ళారి చేరాడు. సండూరు కొండల నుంచి ఇనపరాయి దించే లారీలు అప్పుడప్పుడే పెరుగుతున్నాయి. ఆ గుంతల రోడ్ల మీద ముందుగా విరిగేవి కమాన్లు. విల్లులాగా వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కమానే లారీ బరువంతా మోస్తుంది. పట్టీని కాల్చి వంపు తేవడం, నూనెలో ముంచి గట్టిపరచడం ఎర్రప్పకు పుట్టుకతో వచ్చిన పని. బళ్ళారిని మైసూరులో కలిపిన ఏటికే ఆయన కమాన్ల ఎర్రప్ప అయిపోయాడు. సైన్‌బోర్డులు కన్నడంలోకి మారాయి గానీ, డ్రైవర్లు ఆయన్ను అడిగే మాట మారలేదు: "అయిందాప్పా?"

తండ్రి పద్ధతిని ఆయన లారీలకూ పట్టించాడు. కమాను కట్టినాక లోడుతో కుడితిని అనే ఊరికి పోయే రోడ్డు మీద నాలుగు మైళ్ళు, క్లీనరు సీట్లో ఆయన కూర్చుని పోయిరావాల్సిందే. డ్రైవర్లు నవ్వేవాళ్ళు. హొన్నప్ప అనే డ్రైవరు మరీ ఎగతాళి చేసేవాడు.

"ఏం ఎర్రప్పా, మళ్ళా మెరవణిగ బయలుదేరితివా పెండ్లికొడుకు మాదిరి?"

"నువ్వు నోరు మూసుకోని తోలు. కమాను ఇరిగితే నీ పెండ్లాము నా కొంప ముందరొచ్చి ఏడ్చాది."

నవ్వేవాళ్ళే గానీ, ఆయన దిగి "అయింది" అనకపోతే ఎవడూ కొండ ఎక్కేవాడు కాదు. పట్టీ మీద పేరు చెక్కుకునే అలవాటు లేదు, షెడ్డు కూడా సొంతం కాదు. ఎర్రప్పకు ఉన్నదల్లా ఆ మాటకు ఉన్న విలువే. పోగొట్టుకున్నదీ దాన్నే.

* * *

ఎర్రప్ప పనిచేసే షెడ్డు కోదండరామిరెడ్డిది. ఆయనకు రూపనగుడి వైపు భూములు, సండూరులో గని, ఇరవై లారీలు. ఒక్కడే కొడుకు వెంకటరామి. మద్రాసులో ఇంజనీరింగు చదవడానికి పోయి, సగంలో వదిలేసి, కారు పందాల పిచ్చితో తిరిగొచ్చాడు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన ఒక మైదానం మద్రాసు దగ్గర ఉంది. అక్కడ ఏటా ఒకసారి, డబ్బు కోసం కాకుండా సరదా కోసం, ఉన్నవాళ్ళు తమ కార్లతో పందాలు ఆడేవాళ్ళు. వెంకటరామి అది చూశాడు. ఇక వేరే ఏదీ కంటికి ఆనలేదు.

అరవై ఒకటో సంవత్సరం వేసవిలో అతను కోలారు బంగారు గనుల్లో పనిచేసి స్వదేశానికి పోతున్న ఒక దొర దగ్గర ముక్కలైన కారును కొని, లారీ మీద వేసుకొచ్చాడు. షెడ్డులో దించగానే డ్రైవర్లంతా మూగారు. నడుము ఎత్తు కూడా లేదు. రెండే సీట్లు, అదీ ఇరుగ్గా. హొన్నప్ప ముందర మూత ఎత్తి చూసి గట్టిగా నవ్వాడు.

"ఇంజనే లేదు కదప్పా! దొర పొయ్యేటప్పుడు పీక్కోని పోయినాడు. చిన్నరెడ్డికి బాగా టోపీ పెట్నాడు!"

"ఎనక చూడు," అన్నాడు వెంకటరామి.

సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు, తోలేవాని వీపుకు ఆనినట్టు ఉంది ఇంజను. బ్లాకు నిలువునా చీలిపోయింది.

"ఈడ పెట్టేదేంది? మంట లేస్తే మొదట వీపే కాలిపోతాది," అన్నాడు ఎర్రప్ప.

వెంకటరామి నవ్వి, వీధి పంపు వైపు చూపించాడు. "బిందె చంకలో పెట్టుకున్న ఆడమనిషి గిరుక్కున తిరుగుతాది. కావడి మోసేటోడు తిరగలేడు. బరువు అంచుల్లో ఉండాది కాబట్టి. కార్లన్నీ కావళ్ళు మేస్త్రీ. ఇదొక్కటే చంకలో బిందె."

ఎర్రప్పకు ఆ మాట అర్థమయింది. వంగి కింద చూశాడు. లారీకి ఒక్కో చక్రానికి ఒక్కో కమాను లారీ పొడవునా ఉంటుంది. దీనికి రెండు వెనక చక్రాలకూ కలిపి ఒకటే కమాను, అడ్డంగా పడుకుని ఉంది. ఆరు పట్టీలు. సన్నగా, ఎవరో ఇష్టంతో సాగగొట్టినట్టు ఉన్నాయి. ఎర్రప్ప దుమ్ములో వెల్లకిలా పడుకుని ఆ పట్టీల మీద చెయ్యి ఆడిస్తూ చాలాసేపు ఉండిపోయాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేండ్లు. ఏ పని చూసినా చేతికి ఆశ్చర్యం పుట్టి చాలాకాలమైంది.

దగ్గర దగ్గర రెండేండ్లు పట్టింది. లారీల పని ఆపకుండా, మిగిలిన పొద్దులోనే చేశారు. బోల్తా పడిన ఒక టాక్సీ నుంచి ఫియట్ ఇంజను విప్పి తెచ్చారు. పాత గేరుపెట్టెకూ కొత్త ఇంజనుకూ మధ్య అతికేందుకు దళసరి రేకు కావాలి. వెంకటరామి అట్టమీద గీసిస్తే, ఎర్రప్ప దాన్ని మూడుసార్లు కోసి, మూడుసార్లు పారేసి, నాలుగోసారి సరి చేశాడు. రేడియేటరు ముందర, ఇంజను వెనక. నీళ్ళ గొట్టాలు తోలేవాని తొడ పక్కనుంచే పోవాలి. వాటికి గోనెపట్టా చుట్టారు. అయినా గంటసేపు తోలితే తొడ కమిలేది.

గేరుపెట్టె విప్పి, కడిగి, మళ్ళీ కూర్చినది ఇద్దరూ కలిసే. మొదటిసారి కారును బయటికి తీసేటప్పుడు ఎర్రప్ప పక్క సీట్లో కూర్చున్నాడు, తన పద్ధతి ప్రకారం. వెంకటరామి మొదటి గేరు వేసి వదిలాడు. కారు వెనక్కి దూకి షెడ్డు గోడకు గుద్దుకుంది. రెండో గేరు వేశాడు. అదీ వెనక్కే. లోపలి పెద్ద పళ్ళచక్రం అటువైపు ఉండాల్సింది ఇటువైపు కూర్చుంది. నాలుగు గేర్లూ వెనక్కి, రివర్సు ఒక్కటే ముందుకు!

హొన్నప్ప నవ్వి నవ్వి లారీ బంపరు మీద కూలబడ్డాడు. "సాకు చిన్నరెడ్డీ, ఇంక చాలు! పందెంలో నువ్వే మొదలు, ఎనకనించి!"

వెంకటరామి నవ్వాడు. ఎర్రప్ప నవ్వాడు. ఇద్దరూ కలిసి అంతగా నవ్వింది ఆ రెండేండ్లలో ఆ ఒక్క రోజే. ఆ తర్వాత జీవితంలో లేదు.

* * *

వాళ్ళిద్దరికీ గట్టిగా వాదన పడింది అడ్డకమాను దగ్గరే.

ఫియట్ ఇంజను పాతదానికంటే బరువు. బరువు పెరిగితే పట్టీ పెంచాలి. పదహారేండ్లుగా ఎర్రప్ప చేతులు అదే చేస్తున్నాయి. ఆయన ఏడో పట్టీని అప్పుడే సాగగొట్టి ఉంచాడు కూడా. వెంకటరామి ఒప్పుకోలేదు. పెంచకూడదు, ఉన్న ఆరింట్లో ఒకటి తీసెయ్యాలి అన్నాడు. వెనక గట్టిపడితే చక్రం నేలను అంటుకోదు, మలుపులో తోక జారుతుంది, బరువు వెనకనే ఉన్న కారు అట్లా జారితే మళ్ళీ చేతికి రాదు.

"పుస్తకం చెప్తాండాదా, నువ్వు చెప్తాండావా?" అన్నాడు ఎర్రప్ప.

"పుస్తకమూ వద్దు, నేనూ వద్దు. నీ పద్ధతే చేద్దాం. ఎక్కి కూర్చో."

రూపనగుడి దగ్గర కొత్తగా వేసిన కాలవ గట్టు మీద, తూము దగ్గర ఒక వంపు ఉంది. మొదట ఏడు పట్టీలతో తిప్పారు. వంపులో తోక ఒక్క ఊపున పక్కకు కొట్టుకుంది. కాలవ నీళ్ళు ఎర్రప్ప మోచేతి కిందికి వచ్చినట్టనిపించింది. వెంకటరామి ఎట్లాగో నిలిపాడు. దిగి ఒక పట్టీ విప్పారు. ఆరుతో తిప్పారు. కొంచెం మేలు. ఐదుతో తిప్పారు. కారు వంపును అంటుకుని, తాడు కట్టి లాగినట్టు తిరిగింది. ఎర్రప్ప మూడుసార్లు తిప్పించుకుని, దిగి, కాలవలో ముఖం కడుక్కుని, "అయింది" అన్నాడు.

అంటే ఏడు పట్టీలు ఏం చేస్తాయో ఆయన ఎవరి నోటా వినలేదు. తన నడుముతో తెలుసుకున్నాడు. ఆయన కథలో మిగతావన్నీ మరిచినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోవాలి.

తీసిన రెండు పట్టీలను తెచ్చి షెడ్డులో మేకుకు తగిలించాడు.

* * *

అరవై మూడు ఫిబ్రవరిలో పందెం. కాగితాల పని కోసం వెంకటరామి నాలుగు రోజుల ముందే రైల్లో మద్రాసు పోయాడు. కారును లారీ మీద శుక్రవారం పంపాలి. ఆ రోజు పదిన్నరకు రాహుకాలం. అది రాకముందే లారీ కదలాలని కోదండరామిరెడ్డి ఆన.

పొద్దున ఎనిమిదికే షెడ్డు ముందర జనం. రెడ్డి ఊళ్ళో లారీలున్న పెద్దమనుషులందర్నీ పిలిచాడు. కొడుకు చదువు చెడగొట్టుకున్నాడని ఆరేండ్లుగా తల వంచుకు తిరిగిన మనిషి ఆయన. ఆ రోజు జరీ పంచె కట్టి, కారుకు కుంకుమ పెట్టించి, పక్కన నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు సామాన్ల పెట్టెను కారులో పెట్టి చూశారు. వెనక భాగం ఇంకా దిగింది. పంపాపతి అనే ఇంకో లారీల యజమాని ముక్కుపొడి పీల్చి అన్నాడు:

"ఏం రెడ్డీ, నీ కారు గుడ్లు పొదిగే కోడి మాదిరి కూలబడిండాదే! మద్రాసు దాకా లేస్తాదా?"

అందరూ నవ్వారు. రెడ్డి ముఖం నల్లబడింది. ఎర్రప్పను పక్కకు పిలిచాడు.

"ఎనక పట్టీ తక్కువైండాది. ఏసెయ్యి."

"అది అట్లే ఉండాల రెడ్డెప్పా. చిన్నరెడ్డి వద్దన్యాడు. ఏసి చూసినాం, మలుపులో నిలబడ్లే."

"వాడు పుస్తకం చూసి చెప్తాడు. నువ్వు చేత్తో చేసేటోడివి. లోడు యాడుంటే పట్టీ ఆడ. నా ఇరవై లారీల్లో ఒకటన్నా పండుకున్యాదా ఇన్నాళ్ళూ? నీ చెయ్యి పడిండాది కాబట్టే పండుకోలే. నీ కంటే వానికి ఎక్కువ తెల్సునా?"

ఆ మాట ఎర్రప్పకు బాగుంది. తర్వాతి జీవితమంతా ఆయన తనకు తాను ఒప్పుకోలేక నలిగింది ఇక్కడే. భయపడి వేశానని చెప్పుకోవచ్చు, అన్నం పెట్టే మనిషికి ఎదురు చెప్పలేక వేశానని చెప్పుకోవచ్చు. రెండూ అబద్ధం కాదు. కానీ అంతమంది పెద్దమనుషుల ముందర, ఇంజనీరింగు చదివిన పిల్లవాని కంటే నీ చెయ్యే మేలని ఒకాయన అన్నాడు. ఇన్నేండ్లలో ఎవరూ అనని మాట. చేతులు తమకు తామే మేకు మీది పట్టీల దగ్గరికి పోయాయి.

రెండు పట్టీలూ ఎక్కించి, బిగించి లేచేసరికి పదీ పది. వెనక భాగం ఎత్తుగా లేచింది. పంపాపతి కూడా తల ఊపాడు.

"ఒక్క తిప్పు తిప్పి చూడాల రెడ్డెప్పా," అన్నాడు ఎర్రప్ప. "కాలవ గట్టు దాకా..."

"ఇరవై నిమిషాలుండాది రాహుకాలానికి. లారీ ఎక్కియ్యాల, తాళ్ళు కట్టాల. యాడికి తిప్పుతావు?" అని, రెడ్డి అందరికీ వినపడేటట్టు అడిగాడు: "అయిందా, ఎర్రప్పా?"

జనం చూస్తున్నారు. హొన్నప్ప లారీ స్టార్టు చేసి చూస్తున్నాడు.

"అయింది రెడ్డెప్పా."

కూర్చోకుండా, చక్రం చప్పుడు వినకుండా ఆ మాట అనడం ఆ వంశంలో అదే మొదటిసారి. టెంకాయ కొట్టారు. పదిన్నరకు ముందే లారీ కదిలింది.

* * *

గుంతకల్లు, కడప మీదుగా రెండు రోజుల ప్రయాణం. ఎర్రప్ప లారీలోనే పోయాడు. స్పానర్ల సంచి కాళ్ళ దగ్గరే ఉంది. దిగిన వెంటనే విప్పేద్దాం, గంట పని, చిన్నరెడ్డికి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, నవ్వుతాడు, అంతే కదా అనుకున్నాడు. కడప దాటేదాకా గట్టిగా అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కొంచెం తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం మైదానం చేరేసరికి వెంకటరామి ఎండలో ఎదురుచూస్తున్నాడు. పందేనికి ముందు ఆ పూటే అందరూ కార్లు తిప్పి చూసుకోవాలి, ఇతని వంతు ఇంకో అరగంటకే. దించడం, పెట్రోలు పోయడం, పక్క సీటు మీద రేకు కప్పడం. వెంకటరామి వెనక్కి వచ్చి చూశాడు.

"మేస్త్రీ, ఎనక రవ్వంత లేసినట్లుండాదే?"

ఇక్కడ చెప్పవచ్చు. మాట నోటి దాకా వచ్చింది. పక్కన హొన్నప్ప తాళ్ళు చుడుతున్నాడు. బళ్ళారిలో అందరి ముందర "అయింది" అన్నది విన్నవాడు. ఇప్పుడు కాలేదని అంటే, వారం తిరిగేలోపల బళ్ళారి షెడ్లన్నిటికీ తెలుస్తుంది: ఎర్రప్ప కూర్చోకుండానే అయిందంటాడని.

"లారీ కుదుపులకు బిగుసుకున్యాదిలేప్పా," అన్నాడు. "నాలుగు తిప్పులు తిరిగితే అదే కూర్చుంటాది."

"అయిందా మరి?"

"అయింది చిన్నరెడ్డీ."

ఆ మాట విన్నాక వెంకటరామి వంగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. బళ్ళారిలో ఆ మాట విన్నాక ఎవరూ వంగి చూడరు.

మూడో తిప్పులో, ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టిన మలుపులో, కాలవ గట్టు మీద కొట్టినట్టే తోక కొట్టింది. ఈసారి వేగం రెండింతలు. కారు రెండు చుట్లు తిరిగి పక్కకు పోయి డ్రమ్ములకు తగిలింది. జనం పరుగెత్తారు. ఎర్రప్ప పరుగెత్తలేకపోయాడు. ఎర్రగా కాలిన ఇనుమును ముప్పై ఏండ్లు పట్టుకున్న మనిషి, పట్టుకోవడానికి ఏమీ దొరకక, చేతులు రెండూ గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు.

* * *

ఎడమ మోకాలు నలిగిపోయింది. నీళ్ళ గొట్టం పగిలి తొడ కాలింది. ప్రాణానికి భయం లేదన్నారు. ఆ కాలు ఇక వంగదన్నారు.

రైలు దిగి వచ్చిన కోదండరామిరెడ్డి ఆసుపత్రి వరండాలో ఎర్రప్పను అడిగాడు, "ఎట్లయింది?"

"పట్టీలు రెడ్డెప్పా."

రెడ్డి బెంచీ మీద కూర్చుండిపోయాడు. అంత ఘనమైన మనిషి, గోడకు తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. కండువాతో ముఖం తుడుచుకుని అన్నాడు:

"చూసినోళ్ళు శానామంది ఉండారు. తెల్సినోళ్ళం మనమిద్దరమే. వానికి చెప్పొద్దు ఎర్రప్పా. కన్నతండ్రే కాలు తీసినాడని వాడు అనుకుంటే నేను బతకను."

ఎర్రప్ప సరేనన్నాడు. తన వంతు కూడా అందులో దాగుతుందని ఆ క్షణంలోనే ఆయనకు తెలుసు.

కారు తుక్కును లారీ మీద తిరిగి తెచ్చారు. ఎవరూ చూడకముందే ఎర్రప్ప ఆ రెండు పట్టీలూ విప్పి, గోనెపట్టాలో చుట్టి, ఇంటి అటక మీద పెట్టాడు. ఏడాది తిరక్కముందే రెడ్డి షెడ్డును ఎర్రప్ప పేరున రాసిచ్చాడు. భార్య రామక్క వడ్లు చెరుగుతూ అడిగింది:

"ఎందుకిచ్చినాడప్పా అంత షెడ్డు?"

"పని చూసి."

"ఇన్నాళ్ళూ కనపడని పని ఇప్పుడు కనపడిండాదా?"

ఆయన చెప్పులు తొడుక్కుని షెడ్డుకు పోయాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడం అడగడం కంటే ఎక్కువైంది ఆ ఇంట్లో.

వెంకటరామి కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. మొదటి రోజే షెడ్డుకు వచ్చి ఎర్రప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు ఏమీ లే మేస్త్రీ. నువ్వు కట్టింది కట్టినట్లే ఉండాది. తోలేది నా చేతుల్లోనే లే." అని నవ్వి, తిరిగిపోయి, మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. షెడ్డుకు ఎదురుగా, రోడ్డు అవతల మిద్దె మీద తండ్రి ఆఫీసులో కూర్చుని ఏ లారీ ఎక్కడికి పోయిందో రాసుకునే పనిలో పడ్డాడు. ఆ గదికి షెడ్డు వైపు ఒక కిటికీ ఉంది. అది మూసేసి, దానికి అడ్డంగా బీరువా పెట్టించాడు.

ఫియట్ ఇంజనును తెక్కలకోట దగ్గర, కోస్తా నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో ఉండే రైతు శ్రీమన్నారాయణ, కాలవ నీళ్ళు మడికి తోడడానికి పట్టుకుపోయాడు. ఆయనకు సంగతేమీ తెలియదు. ఒకసారి సంతోషంగా మిద్దె ఎక్కి వచ్చి మరీ చెప్పాడు: "బ్రహ్మాండంగా తోడుతోందండీ మీ ఇంజను! పూట తిరక్కుండా ఎకరం తడిపేస్తోందనుకోండి!" వెంకటరామి "మంచిదండీ" అన్నాడట. రోడ్డు ఇవతలికి కూడా వినపడే ఆ పెద్ద గొంతు వింటూ ఎర్రప్ప ఒక పట్టీని కాల్చాల్సిన దానికంటే ఎక్కువ కాల్చి పాడు చేశాడు.

లారీలు వచ్చేవి. కమాన్లు కట్టేవాడు. క్లీనరు సీట్లో కూర్చుని కుడితిని రోడ్డులో నాలుగు మైళ్ళు పోయొచ్చి "అయింది" అనేవాడు. ఒక్క లారీకీ ఒక్క మైలు తగ్గించలేదు. డ్రైవర్లకు ఏ తేడా తెలియలేదు.

* * *

ఆరేండ్లకు కోదండరామిరెడ్డి పోయాడు. పెద్దకర్మ ముగిసిన మరుసటి రోజు పొద్దున ఎర్రప్ప అటక మీది గోనెమూట దించి, చంకలో పెట్టుకుని మిద్దె ఎక్కాడు. మూట విప్పి రెండు పట్టీలూ బల్ల మీద పెట్టాడు. వాటి పక్కన షెడ్డు తాళంచెవులు పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు: కోడి మాట, రాహుకాలం, తను అన్నది.

వెంకటరామి ఒక పట్టీ తీసుకుని, వంగని కాలి మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలూ నొక్కి చూశాడు. లోహం వంగి, మళ్ళీ లేచింది.

"అంటే ఏడు," అన్నాడు.

"ఏడు."

"ఆరేండ్లుగా ఆ మలుపు తిరుగుతాండా మేస్త్రీ. కండ్లు మూస్తే అదే. యాడ తప్పినానో ఎతుకుతాండా. బ్రేకు ముందర వదిల్నానా, చక్రం ఎక్కువ తిప్పినానా. అన్నీ సరిగ్గానే చేస్తాండా. అయినా ప్రతిసారీ కారు పోతాండాది. నాకు రాదేమో, నేను పనికిరానోడినేమో అని, మా నాయన తెచ్చిన పెండ్లి సంబంధాలు కూడా వద్దంటి." పట్టీ బల్ల మీద పెట్టాడు. "మా నాయన ఏయమన్యాడు. సరే. ఆయప్పకు తెల్దు. నీకు తెల్సు కదా?"

"తెల్సు."

"నువ్వు దాంట్లో కూర్చున్యావా?"

"లే."

"మరి నేను అడిగితే ఏమంటివి?"

ఎర్రప్ప నేల చూశాడు.

"నోటితో చెప్పు."

"అయిందంటి."

"ఆయప్ప పొయ్యేదాకా కాచుకుంటివి. మా నాయనను కాపాడినా అనుకున్యావా?"

"ఆయప్ప చెప్పొద్దన్యాడు చిన్నరెడ్డీ..."

"చెప్పొద్దన్యాడు. నీకూ అదే కావాల్సుండె."

ఎర్రప్ప తాళంచెవులను ముందుకు జరిపాడు. వెంకటరామి వాటిని కర్రతో వెనక్కి తోశాడు.

"నాకెందుకది? తీసుకునేటప్పుడు తెల్సే తీసుకుంటివి. ఉంచుకో. పని చెయ్యి. లారీలు ఎప్పటి మాదిరే వస్తాయి."

మరుసటి రోజు పొద్దున ఎర్రప్ప కొలిమి రాజేస్తుంటే రోడ్డు అవతల మిద్దె మీద బీరువా జరిపిన చప్పుడైంది. తుప్పు పట్టిన బందులు కీచుమన్నాయి. ఆరేండ్లుగా మూసి ఉన్న కిటికీ తెరుచుకుంది. లోపల వెంకటరామి కుర్చీని ఇటువైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ రోజు హొన్నప్ప లారీకి వెనక కమాను కట్టాలి. మధ్యాహ్నానికి కట్టడం అయింది. లోడుతో నాలుగు మైళ్ళు పోయొచ్చారు. ఎర్రప్ప అడుగడుగునా విన్నాడు. ఏ లోపమూ లేదు. ఇన్నేండ్లలో అంత బాగా కుదిరిన కమాను లేదేమో. షెడ్డు ముందర దిగాడు.

"అయిందాప్పా?" అన్నాడు హొన్నప్ప, ఇంజను ఆపకుండానే.

ఎర్రప్ప తల ఎత్తాడు. కిటికీలో వెంకటరామి రాయడం ఆపి చూస్తున్నాడు.

ఎర్రప్ప తల ఊపాడు.

హొన్నప్పకు అది చాలలేదు. ఇరవై ఏండ్లుగా ఆ మాట వినకుండా కొండ ఎక్కని మనిషి. ఇంజను ఆపి, తలుపులోంచి వంగి, నవ్వుతూ అన్నాడు:

"ఏందప్పా, ఈ పొద్దు నోరు పడిపోయిండాదా? నోటితో చెప్పు, పోతా."

లారీ అక్కడే ఉంది. కిటికీ తెరిచే ఉంది.